నెలన్నర నియమం

"ఎనిమిదీనా?" అంది అత్తగారు.

కోడలు ఫోను బల్ల మీద బోర్లించి, అవునని తలూపింది.

"ఒక్కటంటే ఒక్కటి కూడా మిగల్లేదా?"

"లేదత్తయ్యా. మూడో రోజు దాకా బ్రహ్మాండంగా ఉన్నాయట. నిన్న ఆగిపోయాయట. ఎందుకైనా మంచిదని ఇవాళ పొద్దున కూడా చూశారట. ఇంక లాభం లేదని ల్యాబ్ అమ్మాయి చెప్పింది."

"ఆ పిల్లకి ఇంకో మాట రాదు కాబోలు," అని అత్తగారు చేతిలో గరిటె గిన్నెలో పడేసింది.

ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది పాపం! ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఇది మూడోసారి. మొదటిసారి ఐదు పిండాలు, రెండోసారి ఏడు, ఇప్పుడు ఎనిమిది. అండాలు కోడలివి, వీర్యం ఆమె భర్తది, పెంపకం ఆస్పత్రి ల్యాబుది. గాజు పళ్లెంలో ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. మూడు రోజులు ముచ్చటగా పెరుగుతాయి. నాలుగో రోజు వచ్చేసరికి ఎవరో కూర్చోమన్నట్టు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. కడుపులో పెట్టేదాకా ఒక్కటి కూడా రాదు.

"నేను చెబుతూనే ఉన్నాను," అంది అత్తగారు. "వింటేగా! పొద్దస్తమానం ఆ ఆఫీసు కౌంటర్లో కుర్చీకి అతుక్కుపోయి కూర్చుంటే లోపల రక్తం ఎలా ఆడుతుంది?"

"పిండాలున్నది నా కడుపులో కాదత్తయ్యా, ల్యాబులో. నేను కూర్చున్నా, తలకిందులుగా నుంచున్నా వాటికి తెలియదు."

"అండాలు నీవేగా?"

"నావే."

"మరింకేం?"

ఆ 'మరింకేం' కోడలు మూడేళ్లుగా వింటోంది. ఆమెకు ముప్పై ఎనిమిది నిండాయి. పొట్ట మీద సూది పడని చోటంటూ లేదు. ఈసారి అండాలు తీశాక ఒళ్లంతా నీరు పట్టి, ఆయాసం వచ్చి, మూడు రోజులు ఆస్పత్రి మంచం మీదే పడుంది. ఇంత చేసినా ఇంట్లో వేలు ఎవరివైపు తిరుగుతుందో ఆమెకు తెలుసు. పోట్లాడే ఓపిక కూడా లేక, గ్లాసులు కడగడం మొదలుపెట్టింది.

"మావాడి రిపోర్టు నువ్వూ చూశావుగా," అత్తగారు ఊరుకోలేదు. "కౌంటు మామూలుకి మూడింతలుందని డాక్టరమ్మ నోటితోనే అంది. ఇంక వాడేం చేస్తాడు చెప్పు?"

ఆ రిపోర్టంటే అత్తగారికి పిల్లవాడు బళ్లో ఫస్టొచ్చినంత సంబరం. తమ బేకరీకి రొట్టె కొనడానికి వచ్చిన వాళ్లకి చెప్పుకోలేదన్నమాటే గానీ, చెప్పుకునే వీలుంటే చెప్పుకునేదే.

అప్పుడే వీధి తలుపు తోసుకుని కొడుకు లోపలికి వచ్చాడు. వీధిలో అందరూ అతన్ని రొట్టెలాయన అంటారు. వీధి చివర బేకరీ అతనిదే, అంతకుముందు తండ్రిది. చెవుల మీద పిండి, చేతుల మీద బట్టీ వేడికి కమిలిన మచ్చలు. రెండు వాయిల మధ్య ఫలహారానికని ఈ వేళకి ఇంటికొస్తాడు.

ఇద్దరి మొహాలూ చూశాడు. ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"అన్నీనా?" అన్నాడు.

"అన్నీ," అంది భార్య.

"అలాగా," అని పెరట్లోకి వెళ్లి చేతులు కడుక్కున్నాడు. ఎంతసేపు కడిగాడంటే, అత్తగారు వడ్డించిన పళ్లెం చల్లారిపోయింది.

"డాక్టరమ్మ పదకొండింటికి ఇద్దర్నీ రమ్మందండీ," కిటికీలోంచి చెప్పింది కోడలు.

"నేనెందుకు?"

"ఇద్దర్నీ రమ్మంది."

"చూద్దాం," అన్నాడు.

అతని నోట ఆ మాట వచ్చిందంటే ఇంక ఆ విషయం తెల్లారినట్టే. కానీ ఈసారి మాత్రం చొక్కా మార్చుకుని వచ్చాడు. కోడలికి అదే పెద్ద వింతయింది.

*

డాక్టరమ్మ బల్ల మీద మూడు చార్టులు పక్కపక్కన పరిచి ఉంచింది. ఆవిడకీ నిద్ర లేనట్టుంది. కళ్లజోడు కింద కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మూడుసార్లూ ఒకే చోట ఆగుతున్నాయి," అంది. "నాకు అక్కడే అనుమానం వచ్చింది. ఇన్నాళ్లూ రాకపోవడం నా తప్పే."

కోడలు కుర్చీ అంచున కూర్చుంది. ఇప్పుడు నీ అండాలు ముదిరిపోయాయి అంటుంది కాబోలు, అననీ, ఆ మాట కూడా వినేస్తే ఓ పనైపోతుంది అనుకుంది.

"మొదటి రెండు మూడు రోజులూ పిండం దాదాపు తల్లి సరుకు మీదే బతుకుతుంది. అండంలో ముందుగానే దాచిపెట్టిన సరుకది. మూడో రోజు దగ్గర్నుంచి సొంతంగా నడవాలి. అంటే తల్లి వాటా, తండ్రి వాటా రెండూ పని మొదలుపెట్టాలి. తండ్రి వైపు లోపమేదైనా ఉంటే చాలాసార్లు అప్పటిదాకా బయటపడదు."

"కౌంటు బాగుందన్నారుగా?" అన్నాడు భర్త.

"సంఖ్య బాగుంది. కానీ ఒక్కో కణం లోపల డీఎన్‌ఏ ఎలా ఉందో మామూలు పరీక్షలో తెలియదు. అది అక్కడక్కడ తెగి ఉన్నా కణం చక్కగా ఈదుతుంది, అండంలోకీ వెళుతుంది. మూడు రోజులు అంతా బాగున్నట్టే ఉంటుంది. నాలుగో రోజు తండ్రి పంపిన కాయితం విప్పి చదవబోతే, సగం చిరిగి ఉంటుంది. అండం కొంత అతికించుకోగలదు. వయసు పెరిగేకొద్దీ ఆ ఓపికా తగ్గుతుంది."

అతను మూడు చార్టులూ దగ్గరికి లాక్కున్నాడు.

"అంటే పిండి మంచిదే, నీళ్లూ మంచివే. ఈస్టే పాతబడింది. అంతేనా అండీ?"

"నాకంటే మీరే బాగా చెప్పారు," అంది డాక్టరమ్మ. "కాకపోతే ఇది నా అనుమానమే. పరీక్ష చేస్తే గానీ తేలదు. అండాల వైపు కూడా ఏదో ఉండొచ్చు. ఒక్కళ్ల మీదే పెట్టకూడదన్నది మాత్రం ఖాయం."

ఒక్కళ్ల మీదే పెట్టకూడదు. ఈ ముక్క కోసం కోడలు మూడేళ్లు ఎదురుచూసింది. విన్నాక సంతోషం వస్తుందనుకుంది. రాలేదు. కాళ్లు పీకుతున్నాయని మాత్రం తెలిసింది.

డాక్టరమ్మ పెన్ను తీసింది. బట్టీ ముందు ఎన్ని గంటలు నుంచుంటారంది. ఏడెనిమిది అన్నాడు. సిగరెట్టా అంది. రెండు అన్నాడు. భార్య అతని వైపు తిరిగింది. "నాలుగు," అన్నాడు. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. "ఓ అరపెట్టె," అని తల దించుకున్నాడు.

"సరే. శాంపిల్ ఇచ్చే ముందు మీరిద్దరూ ఎడంగా ఉన్నది మూడుసార్లూ నాలుగు రోజులే అని రాశారు. అది బాగానే ఉంది," అని డాక్టరమ్మ పేజీ తిప్పబోయింది.

పేజీ తిప్పితే అయిపోయేది. కోడలు చూస్తూ చూస్తూ ఊరుకోలేకపోయింది.

"నాలుగు కాదండీ," అంది.

"మరి?"

"నెలన్నర."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నెలన్నర? మూడుసార్లూనా?"

"మూడుసార్లూ."

"మరి నాలుగని ఎవరు రాశారు?"

"నేనే రాశాను," అంది కోడలు.

రాసింది ఆమే. ఆమె పనే రాయడం. జనన మరణాల నమోదు ఆఫీసులో జననాల కౌంటరు ఆమెది. పదకొండేళ్లుగా ఊళ్లో పుట్టిన వాళ్లందర్నీ ఆమే రాసుకుంటోంది. అందుకని ఎవరైనా అయ్యో అనబోతే ఆమెకు ఒళ్లు మండుతుంది. రోజూ వందమందికి ఒకటే చెబుతుంది: ప్రతి గడీ నింపాలి, అడిగినదానికే జవాబు రాయాలి, లేకపోతే కాయితం వెనక్కొస్తుంది. ఆస్పత్రి ఫారంలో ఆ గడి కింద 'రెండు నుంచి ఐదు రోజులు' అని అచ్చేసి ఉంది. నలభై ఐదు అని రాస్తే వెనక్కొస్తుందని ఆమెకు తెలుసు. రోజు తప్పితే అండాలు పోతాయి. గడిలో పట్టే అంకె చూసి వేసేసింది. అబద్ధమాడుతున్నానన్న ధ్యాసే లేదు. రెండోసారి, మూడోసారి పాత ఫారం చూసి ఎత్తిరాసింది.

"నెలన్నర ఎందుకమ్మా?" డాక్టరమ్మ కోప్పడలేదు. అందుకే మరీ సిగ్గేసింది.

"మా అత్తగారి నియమమండీ. శాంపిల్‌కి నెలన్నర ముందు నుంచీ ముందుగదిలో ఈయనకి వేరే పక్క వేస్తారు. రెండు రోజులు ఆపితేనే అంత బలమైతే, నెలన్నర ఆపితే ఎంతుంటుందో చూడమంటారు."

అత్తగారి లెక్క ఊరికే పుట్టలేదు. మామగారు బతికున్న రోజుల్లో కొత్త బట్టీ కట్టే పనివాళ్లని వెతుక్కుంటూ నెలన్నర ఊళ్లు తిరిగి వచ్చాడట. వచ్చిన వారానికే ఈ కొడుకు కడుపున పడ్డాడట. అంతకుముందు ఆరేళ్లు ఎదురుచూసిన మనిషి ఆవిడ. ఆ నెలన్నరే వరమయిందని ఆవిడ నమ్మకం. ఎవరు కాదన్నా వినదు.

"పాపం, మంచికే చేశారు," అంది డాక్టరమ్మ. "ఆపితే సంఖ్య పెరిగే మాట నిజమే. అందుకే మీ కౌంటు చూసి మేమూ మురిసిపోయాం. కానీ పాతవి, పాడైనవి కూడా అందులోనే పేరుకుంటాయి. ఇదొక్కటే కారణమని నేననను. బట్టీ వేడి ఉంది, సిగరెట్టు ఉంది. మూడూ కలిశాయి."

తరవాత ఆవిడ చెప్పినవన్నీ కోడలు అలవాటు కొద్దీ మనసులో గళ్లు గీసి రాసుకుంది. కొత్త కణాలు తయారు కావడానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది. అన్నాళ్లూ అతను బట్టీ దగ్గరికి పోకూడదు. సిగరెట్టు ముట్టకూడదు. శుక్రవారం పరీక్షకి శాంపిల్ ఇవ్వాలి.

"ఈ నాలుగు రోజులూ ఏ నియమాలూ వద్దు. మామూలు మొగుడూ పెళ్లాల్లా ఉండండి. శాంపిల్‌కి ముందు ఒకటి రెండు రోజుల ఎడం చాలు."

మొగుడూ పెళ్లాలిద్దరూ చెరో గోడా చూశారు.

"ఇంకోమాట," డాక్టరమ్మ కోడలి వైపు వంగింది. "మళ్లీ ఇంజెక్షన్లు పెట్టి అండాలు తీయడానికి నేను ఒప్పుకోను. ఈసారి మీకు జరిగింది చాలు. ముందుజాగ్రత్తకని తీసిన పద్నాలుగు అండాల్లో ఆరు పక్కన పెట్టి గడ్డకట్టించాను. మీకున్నవి ఆ ఆరే. వాటిని కరిగించి వాడాలంటే ఇద్దరి సంతకాలూ కావాలి. కాయితం ఇంటికి తీసుకెళ్లి చదువుకోండి. శుక్రవారం తెండి."

కోడలు కాయితం అందుకుంది. చదవకుండానే సంతకాల గళ్లు ఎక్కడున్నాయో చూసుకుంది. ఆరంటే ఆరు. ఆ తరవాత ఏడోది లేదు.

*

బస్సులో ఇద్దరికీ సీటు దొరికింది. పక్కపక్కనే కూర్చున్నారు. ఆరు స్టాపులు గడిచాయి.

"బట్టీ ఎవరి మీద వదలను?" అన్నాడతను.

"మీ దగ్గర పెద్ద మేస్త్రీ ఉన్నాడుగా. మీ నాన్నగారి టైము నుంచీ చేస్తున్నాడు. మీరు కొట్లో కూర్చోండి, మూడు నెలలే కదా."

"నేను కొట్లో కూర్చుంటే జనం ఏమనుకుంటారు?"

"రొట్టెలమ్ముకుంటున్నాడనుకుంటారు. ఇంకేమనుకుంటారు?"

అతను నవ్వబోయి మానేశాడు. ఇంకో స్టాపు గడిచింది.

"అమ్మకెవరు చెబుతారు?"

"మీరే చెప్పాలి. మీ అమ్మ, మీ నియమం. నేను చెబితే ఇంకోలా వినబడుతుంది."

"చూద్దాం," అన్నాడు.

"ఈసారి చూద్దాం అనకండి. మూడేళ్లు నేనే మాటలనిపించుకున్నాను, నేనే పొడిపించుకున్నాను. ఈ ఒక్కటీ మీరు చెప్పండి చాలు. తల కోసి అక్కడ పెట్టమనడం లేదుగా?"

"చెబుతాన్లే."

ఆ 'లే'లో ఎంత బరువుందో ఆమెకి అప్పుడు తెలియలేదు. అలసట వల్ల అనుకుంది. కండక్టరు వాళ్ల స్టాపు పేరు అరిస్తే లేచింది. అతను ఆమె చేతిలోని సంచి అందుకున్నాడు. ఈ మధ్య అలాంటివి కూడా లేవు గనక, ఆమెకి కొంచెం ధైర్యం వచ్చింది.

*

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి కోడలు వంటింట్లో కూర తరుగుతోంది. ముందుగదిలో తల్లీ కొడుకూ కూర్చున్నారు. మాటలు వినబడటం లేదు గానీ, కొడుకు గొంతు మాత్రం వినబడింది. చెబుతున్నాడనుకుంది. పోనీలే, ఆఖరికి నోరు విప్పాడు అనుకుంది. కత్తిపీట పక్కన పెట్టి, ఆవిడ ఏడిస్తే ఓదారుద్దామని చెయ్యి తుడుచుకుంటూ వెళ్లింది.

అత్తగారు బీరువా మీంచి చుట్టచుట్టిన పరుపు దింపి, గోడవారగా పరుస్తోంది. దిండు గలీబు కూడా మార్చింది.

కోడలికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం ఆగలేదు.

"ఆ పక్క తీసేయండత్తయ్యా."

"ఏమైందమ్మాయ్?"

"తీసేయమంటున్నానా! పొద్దున ఎనిమిది పిండాలు పోయాయని తెలిసింది. చీకటి పడకుండానే మళ్లీ మొదలుపెట్టేశారా? ఆయన మీకేం చెప్పలేదా?"

అత్తగారు కొడుకు వైపు చూసింది. అతను కిటికీ దగ్గర నుంచుని వీధిలోకి చూస్తున్నాడు.

"ఏం చెప్పాలి?" అంది ఆవిడ నెమ్మదిగా.

కోడలు చెప్పేసింది. మూడో రోజు దాకా తల్లి సరుకనీ, నాలుగో రోజు తండ్రి కాయితమనీ, నెలన్నర నిల్వనీ, పేరుకున్న పాతవనీ, ఒక వరసా క్రమం లేకుండా అంతా గుమ్మరించింది. చెబుతున్నకొద్దీ గొంతు పెరిగింది. అత్తగారు వింటూ వింటూ ఆ పరుపు మీదే కూలబడింది.

"నేనా?" అంది. "నా వల్లనా?"

"మీ ఒక్కరి వల్ల అని డాక్టరమ్మ అనలేదు. బట్టీ ఉందంది, సిగరెట్టుందంది."

"వాళ్ల నాన్న అదే బట్టీ ముందు ముప్పయ్యేళ్లు నుంచున్నాడు. ఆయన చుట్ట ఆరితే ఒట్టు. నేను ముగ్గుర్ని కనలేదూ?"

"మీ అదృష్టం అత్తయ్యా! నాకు లేదు. నేనేం చేయను? మూడేళ్లు మీరు ఏం తినమంటే అది తిన్నాను. కుర్చీలో కూర్చోకన్నా, మెట్లెక్కకన్నా విన్నాను. తప్పంతా నా అండాలదేనంటే నోరు మూసుకున్నాను. మూడుసార్లు, నెలన్నర చొప్పున నా మొగుణ్ణి నా పక్కలోంచి లేపి ఇక్కడ పడుకోబెట్టారు. ఇరవై పిండాలత్తయ్యా! లెక్కపెట్టారా ఎప్పుడైనా? ఇరవై!"

చివరి మాట దగ్గర ఏడుపు ముంచుకొచ్చింది. మూడేళ్లలో ఈ ఇంట్లో ఆమె గొంతెత్తడం ఇదే మొదలు. ఆవిడ తిరిగి పది మాటలంటుందని, అంటే తనూ ఇరవై అనాలని కాచుకుని ఉంది. అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా తెలుసు. అలాంటి మనిషి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కొడుకు వీపు వైపే చూస్తూ కూర్చుంది.

"ఏరా," అంది. "నువ్వేం మాట్లాడవా?"

కొడుకు కిటికీ చువ్వ పట్టుకున్నాడు.

"నేను ఎన్నాళ్లు మోయనురా? ఆ పిల్ల నన్ను రాచి రంపాన పెట్టినా ఊరుకునేదాన్ని. ఇరవై అంటోందిరా. ఇరవై నా నెత్తిన పెట్టుకుని నేను పోలేను."

"అమ్మా," అన్నాడతను. వద్దన్నట్టుంది ఆ పిలుపు.

అత్తగారు కోడలి వైపు తిరిగింది. "మొదటిసారి వేయించింది నేనే అమ్మాయ్. కాదనను. ఆ ఐదూ నా పాపమే. రెండోసారి నా అంతట నేను వేయలేదు. ఐదూ పోయాక, కలిసిరాని నియమం మనకొద్దురా, వెళ్లి నీ గదిలో పడుకో అన్నాను."

"మరి?"

"వేయమ్మా అన్నాడు. మూడోసారీ వాడే అడిగాడు. ఇవాళా వాడే అడిగాడు. ఎవరైనా అంటే నీ పేరు చెబుతానన్నాడు. తల్లిని కదా, సరేలే, నా పేరుకి కొత్తగా వచ్చే మచ్చేముంది అనుకున్నాను."

కోడలు గుమ్మం పట్టుకుంది. నిలబడ్డ నేల గట్టిదేనా అని కాలితో తడిమి చూసుకుంది. ఇన్నాళ్లూ ఆవిడ మీద పెంచుకున్న కోపం ఇప్పుడెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నిజమేనాండీ?"

అతను ఇటు తిరిగాడు. మొహంలో కోపం లేదు, సిగ్గు కూడా లేదు. పదహారు గంటలు పనిచేసి కొట్టు కట్టేసిన మనిషిలా ఉన్నాడు.

"నిజమే."

"ఎందుకు?"

"నాకు నిద్ర పట్టేది కాదు ఆ గదిలో."

"నిద్ర పట్టకపోతే చెప్పాలి. మీ అమ్మని అడ్డం పెట్టుకుంటారా?"

"ఏమని చెప్పను?" అన్నాడు. "నేను గదిలోకొస్తే నువ్వు గోడ మీద తేదీ చూసేదానివి. నా మొహం ఎప్పుడు చూశావు? ఇవాళ పన్నెండో రోజు, రేపు సూది, ఎల్లుండి స్కానింగు. దగ్గరికొచ్చినా అదే, రాకపోయినా అదే. శాంపిల్ ఇచ్చేవాడికి పెళ్లాం పక్కన చోటెందుకులే అనిపించింది. ఇక్కడ పడుకుంటే కనీసం ఎవరూ నన్ను లెక్కపెట్టరు."

కాదనాలని ఆమె అనుకుంది. తేదీ చూసిన మాట నిజం. సూది ఏ రోజు ఏ వైపు పొడిపించుకుందో ఇప్పటికీ చెప్పగలదు. అతను చివరిసారి తనతో నవ్వింది ఎప్పుడో చెప్పమంటే చెప్పలేదు.

"నాకూ నొప్పేగా," అంది. "పొడిపించుకున్నది నేనేగా."

"నీదే నొప్పి. నేను కాదన్నానా? అందుకే నోరెత్తలేదు. రోజూ సూదులు గుచ్చుకునే మనిషి దగ్గర నాకు విసుగొచ్చింది అని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

అత్తగారు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపలికి వెళ్దామని లేచింది. మళ్లీ అక్కడే కూర్చుంది.

బల్ల మీద ఆస్పత్రి కాయితం ఉంది. కోడలు సంతకం మధ్యాహ్నమే పెట్టేసింది. కింద గడి ఖాళీగా ఉంది. కాయితం చూస్తే ఇంకొకటి కూడా తెలిసింది ఆమెకి. పరీక్షలన్నీ చేయించుకున్నారు, ఫారాలన్నీ నింపారు, అడగవలసిన మాట మాత్రం ఈ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు.

"అసలు మీకు పిల్లలు కావాలా, వద్దా?" అంది.

అతను తల్లి వైపు చూడలేదు. ఎన్నాళ్లకో భార్య మొహంలోకి తిన్నగా చూశాడు.

"మొదట్లో అడిగుంటే ఎగిరి గంతేసి కావాలనేవాణ్ణి. ఇప్పుడడిగావు." బల్ల దగ్గరికొచ్చి పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. "నిజం చెప్పమంటావా, సంతకం పెట్టమంటావా? రెండూ నావల్ల కాదు. ఏదో ఒకటి అడుగు."

నిజమే చెప్పండి అనాలి. మనసున్న మనిషెవరైనా అదే అంటారు. అత్తగారు కూడా అదే అనమన్నట్టు కోడలి వైపు చూసింది.

కోడలు నోరు తెరిచింది. ఎక్కడో ఆస్పత్రిలో చలిపెట్టెలో ఉన్న ఆరు గుర్తొచ్చాయి. ఏడోది లేదు.

"సంతకం పెట్టండి," అంది.